అమెరికా డిగ్రీ చదువు: విదేశీ విద్యార్థికి ఆర్థిక సాయం

అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ చదవాలనుకునే విదేశీ విద్యార్థి కుటుంబం ఆ ఖర్చు మోయలేనప్పుడు, కళాశాల తన సొమ్ములోంచి ఇచ్చే గ్రాంటు, ఫీజు రాయితీ, క్యాంపస్ ఉద్యోగం, అరుదుగా అప్పు – వీటన్నిటినీ కలిపి ఆర్థిక సాయం అంటారు. మన దగ్గర ముందు సీటు వస్తుంది, ఆ తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి చూసుకుంటాం. అమెరికాలో ఈ రెండూ ఒకేసారి తేలతాయి. పైగా చాలా కళాశాలల్లో సాయం అడగడమే సీటు రావడానికో పోవడానికో కారణమవుతుంది. ఈ విషయం తెలియక ర్యాంకుల జాబితా ముందు పెట్టుకుని దరఖాస్తులు పంపేవాళ్లు ఏటా ఎందరో.

తెలుగు ఇళ్లలో అమెరికా చదువంటే ఎమ్మెస్సే. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో డిగ్రీ చదివేవాళ్లు 36 వేల చిల్లర మాత్రమే. ఎమ్మెస్‌కు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది బ్యాంకు అప్పుతో వెళతారు, ఉద్యోగం వచ్చాక తీరుస్తారు. పీహెచ్‌డీ వాళ్లకు విశ్వవిద్యాలయమే ఫీజు మాఫీ చేసి జీతంలాంటి స్టైపెండ్ ఇస్తుంది. డిగ్రీ దారి ఈ రెండింటికీ భిన్నం. ఇంటర్ చదివే పిల్లవాడికి బ్యాంకు అంత అప్పివ్వదు, ఇచ్చినా తీర్చే దారి కనబడదు. కళాశాల పూనుకుంటే తప్ప ఆ చదువు సాగదు.

ఎవరి డబ్బు?

అమెరికా విద్యార్థికి మూడు వైపుల నుంచి సాయం అందుతుంది: కేంద్ర ప్రభుత్వం, తన రాష్ట్రం, తాను చేరే కళాశాల. 1965 నాటి ఉన్నత విద్యా చట్టం కింద నడిచే పెల్ గ్రాంటు, ప్రభుత్వ విద్యారుణాలు, వర్క్-స్టడీ ఉద్యోగాలు పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ మరి కొన్ని వర్గాలకూ పరిమితం. వాటికోసం నింపే ఫాఫ్సా ఫారంతో ఎఫ్-1 వీసా విద్యార్థికి పని లేదు. అతనికి మిగిలేది కళాశాల సొంత ఖజానా ఒక్కటే. ఖజానా నిండుగా ఉన్న కళాశాల ఉదారంగా ఇస్తుంది, లేనిది ఇవ్వలేదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు రాష్ట్రం పన్నులతో నడుస్తాయి కాబట్టి బయటివాళ్లకు అవసరాన్నిబట్టి ఇచ్చే సాయం దాదాపు ఉండదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అంటే బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ వగైరా క్యాంపస్‌లన్నీ, ఈ కోవలోదే. పేరు చూసి బర్క్‌లీకి పెట్టిన దరఖాస్తుకు సీటు వచ్చినా, మామూలు కుటుంబానికి అది చేతికందని సీటే.

ఇక్కడ అమెరికాలోని తెలుగు కుటుంబాల పిల్లల్లో ఒక వర్గం గురించి చెప్పుకోవాలి. తల్లిదండ్రులు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద వెళ్లగా, చిన్నప్పుడే హెచ్-4 వీసాతో వెళ్లి అక్కడి బడుల్లోనే చదివిన పిల్లలు వీళ్లు. గ్రీన్‌కార్డు వరుసలో భారతీయులకు ఏళ్లూ పూళ్లూ పట్టడంతో, పన్నెండో తరగతి ముగిసేనాటికి వీళ్ల హోదా మారదు. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో పదేళ్లు పెరిగినా ఫెడరల్ సాయానికి అర్హత లేదు. చాలా కళాశాలలు వీళ్లను విదేశీ విద్యార్థుల లెక్కలోనే చూస్తాయి. కొన్ని రాష్ట్రాలు మాత్రం స్థానికుల ఫీజు వర్తింపజేస్తాయి. 21 ఏళ్లు నిండితే హెచ్-4 కూడా చెల్లదు, ఎఫ్-1కు మారాలి. అదే ఇంట్లో అమెరికాలో పుట్టిన తమ్ముడికి మాత్రం అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి.

పాత కథ

అమెరికా కళాశాలల్లో పేద విద్యార్థికి దాత సొమ్ము ఇవ్వడం కళాశాలలంత పాతది. 1643లో లేడీ మౌల్సన్‌గా పేరున్న ఆన్ రాడ్‌క్లిఫ్ హార్వర్డ్‌కు ఇచ్చిన 100 పౌండ్లు ఆ తరహా తొలి నిధి. విదేశీ విద్యార్థి విషయానికొస్తే, 1854లో యేల్‌లో పట్టా పుచ్చుకున్న యుంగ్ వింగ్ కథ గుర్తుంచుకోదగ్గది. అమెరికా విశ్వవిద్యాలయంలో డిగ్రీ పొందిన తొలి చైనీయుడు ఆయన. అంతకుముందు చదివిన మాన్సన్ అకాడమీ పెద్దలు, చదువయ్యాక మిషనరీగా చైనా తిరిగి వెళతానని రాసిస్తే డబ్బిస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. జార్జియా రాష్ట్రంలోని సవానా పట్టణపు మహిళా సంఘం ఒకటి ఆదుకుంది. అది చాలక, విద్యార్థుల భోజనశాలకు సరుకులు చూసుకునే పనీ గ్రంథాలయ పనీ చేసి గట్టెక్కాడు. దాత సొమ్ము, షరతులు, క్యాంపస్ ఉద్యోగం – నేటి సాయం ప్యాకేజీలో ఉండేవన్నీ ఆనాడే ఉన్నాయి.

మనవాళ్లలో అంబేడ్కర్ 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది బరోడా సంస్థానం ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల విద్యార్థి వేతనంతో. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1920ల ఆరంభంలో బోస్టన్ చేరింది మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరాతో. హార్వర్డ్‌లో చదువుతూ ఆసుపత్రిలో రాత్రి పని చేశాడు. ఈ ఇద్దరివీ డిగ్రీ తర్వాతి చదువులు, డబ్బు కూడా ఇక్కడినుంచి వెళ్లిందే. కళాశాలే విదేశీ విద్యార్థి ఖర్చంతా భరించడం అటు తర్వాతి మాట.

అవసరాన్ని లెక్కగట్టే తీరు

1954లో కాలేజ్ బోర్డు ఆధ్వర్యంలో కాలేజ్ స్కాలర్‌షిప్ సర్వీస్ ఏర్పడింది. అప్పటిదాకా ఒక్కో కళాశాల తనకు తోచినట్టు ఇస్తుండేది. కుటుంబం ఎంత పెట్టుకోగలదో ఒక సూత్రంతో తేల్చే పద్ధతి అక్కడినుంచి స్థిరపడింది. నేటి సీఎస్‌ఎస్ ప్రొఫైల్ ఫారం పేరులో ఆ సంస్థ పేరే ఉంది.

సూత్రం పైకి తేలికే. ఏడాది మొత్తం ఖర్చులోంచి కుటుంబం పెట్టుకోగలిగింది తీసేస్తే మిగిలేది అవసరం. పేరున్న ప్రైవేటు కళాశాలల్లో ఫీజు, గది, భోజనం, పుస్తకాలు, బీమా అన్నీ కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటేసింది. డాలరు 85 రూపాయల లెక్కన 68 లక్షలు. ఉదాహరణకు ఖర్చు 85 వేలు, కుటుంబం 4 వేలు ఇవ్వగలదని కళాశాల తేల్చిందనుకుందాం. అవసరం 81 వేలు. అందులో 78 వేలు గ్రాంటుగా, 3 వేలు క్యాంపస్‌లో పనిచేసి సంపాదించుకునేదిగా రాసి పంపుతుంది. ఆ 4 వేలు ఎంతన్నది తేల్చేది కళాశాలే, కుటుంబం కాదు. తండ్రి నేను రెండు వేలే ఇవ్వగలనని అనుకున్నంత మాత్రాన లెక్క మారదు; కాగితాలతో ఒప్పించాలి.

2001లో ప్రిన్స్‌టన్ సాయం ప్యాకేజీలోంచి అప్పును పూర్తిగా తీసేసి, ఆ మొత్తాన్నీ గ్రాంటుగా ఇవ్వడం మొదలుపెట్టింది. దాని వెంట మరికొన్ని సంపన్న కళాశాలలు నడిచాయి. హార్వర్డ్ 2025-26 నుంచి ఏడాదికి లక్ష డాలర్ల లోపు ఆదాయం, మామూలు స్థాయి ఆస్తులు ఉన్న కుటుంబం ఏమీ కట్టనక్కర్లేదని ప్రకటించింది. అక్కడి సాయం విధానం అన్ని దేశాల వాళ్లకూ ఒకటే కాబట్టి, తెలుగు రాష్ట్రాల్లోని మధ్యతరగతి దాదాపు అంతా ఆ పరిధిలోకే వస్తుంది. వచ్చిన చిక్కల్లా సీటే: దరఖాస్తు చేసిన నూరుమందిలో దాదాపు నలుగురికే దక్కుతుంది.

డబ్బు చూడని కళాశాలలు, చూసేవి

దరఖాస్తుదారు సాయం అడిగాడా లేదా అన్నది పట్టించుకోకుండా సీటు నిర్ణయించే విధానాన్ని నీడ్-బ్లైండ్ అంటారు. స్వదేశీ విద్యార్థులకు దీన్ని పాటించేవి చాలా ఉన్నాయి. విదేశీయులకూ పాటించి, తేలిన అవసరాన్ని పూర్తిగా తీర్చేవి వేళ్లమీద లెక్కపెట్టదగినన్ని. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ చాలాకాలంగా ఈ జాబితాలో ఉన్నాయి. డార్ట్‌మత్ ఒకసారి చేరి, ఖర్చు భారమై తప్పుకుంది. పేరు చెప్పుకోని దాత ఒకరు 4 కోట్ల డాలర్లు ఇవ్వడంతో 2022లో మళ్లీ చేరింది. అదే ఏడాది బోడిన్, ఆ తర్వాత బ్రౌన్, నోటర్‌డామ్, వాషింగ్టన్ అండ్ లీ చేరాయి. ఈ జాబితా శాశ్వతం కాదని డార్ట్‌మత్ ఉదంతమే చెబుతుంది. దరఖాస్తు చేసే ఏడాది కళాశాల వెబ్‌సైట్‌లో ఏముందో అదే ప్రమాణం.

మిగిలిన కళాశాలలు నీడ్-అవేర్. వీటిలో స్టాన్‌ఫర్డ్, కొలంబియా, విలియమ్స్, స్వార్త్‌మోర్, పొమోనా, గ్రినెల్, మెకాలెస్టర్ వంటివి సీటిచ్చిన విదేశీ విద్యార్థి అవసరాన్ని పూర్తిగా తీరుస్తాయి. కాకపోతే సీటిచ్చే ముందు అతనికి ఎంతవుతుందో చూసుకుంటాయి. విదేశీయుల సాయానికి ఏటా ఇంత అని పద్దు ఉంటుంది. ఏడాదికి 80 వేలు అవసరమైన విద్యార్థి, 30 వేలతో సరిపెట్టుకోగల విద్యార్థి కంటే ఎన్నో రెట్లు మెరుగ్గా ఉంటే తప్ప ఆ పద్దులో చోటు దొరకదు. ఇంకో రకం కళాశాలలు సీటిచ్చి, అవసరంలో సగమో పావో తీర్చి ఊరుకుంటాయి. ఇదే అన్నిటికంటే మోసపుచ్చే రకం. సీటు వచ్చిందన్న సంబరం ముందు, మిగిలిన లెక్క తర్వాత.

ర్యాంకుల జాబితాలో యాభైల్లో, వందల్లో కనిపించే విశ్వవిద్యాలయాల కంటే, మన ఊళ్లలో ఎవరూ పేరు విని ఉండని చిన్న లిబరల్ ఆర్ట్స్ కళాశాలలు విదేశీయులకు ఎక్కువ ఇస్తాయి. అయోవాలోని గ్రినెల్ పేరు చెబితే బంధువులు అదెక్కడ అంటారు. అడగనివ్వండి. రెండు వేలమందికి లోపు విద్యార్థులున్న ఆ కళాశాల మూలనిధి వందల కోట్ల డాలర్లు.

ప్రతిభా వేతనాలు, కొన్ని ప్రత్యేక దారులు

కుటుంబ ఆదాయంతో నిమిత్తం లేకుండా మార్కులు, శాట్ ప్రవేశ పరీక్ష స్కోరు, నాయకత్వం చూసి ఇచ్చేవి ప్రతిభా వేతనాలు. హార్వర్డ్, యేల్ వంటి ఐవీ లీగ్ కళాశాలలు వీటిని ఇవ్వవు. అలబామా విశ్వవిద్యాలయం వంటి ప్రభుత్వ సంస్థలు మంచి విద్యార్థులను రప్పించుకోవడానికి విదేశీయులకూ ఇస్తాయి. డ్యూక్‌లోని కార్ష్ ఇంటర్నేషనల్ స్కాలర్‌షిప్, డ్యూక్–నార్త్ కెరొలైనా కలిసి నడిపే రాబర్ట్‌సన్ పేరెన్నికగన్నవి, పోటీ కూడా ఆ స్థాయిలోనే. కార్నెల్‌లో భారతీయుల కోసమే టాటా స్కాలర్‌షిప్ ఉంది. టాటా ట్రస్టు 2008లో ఇచ్చిన నిధితో అది నడుస్తోంది. భారత పౌరులై, భారత్‌లో చదివి, ఆర్థిక సాయం అవసరమైనవాళ్లకే అది వర్తిస్తుంది. పుణె దగ్గరి మహీంద్రా కళాశాల లాంటి యునైటెడ్ వరల్డ్ కాలేజీల్లో చదివినవాళ్లకు డేవిస్ స్కాలర్స్ పథకం మరో తలుపు.

కెంటకీలోని బెరియా కళాశాల సంగతి వేరు. 1855లో మొదలైన ఈ కళాశాల 1892 నుంచి ఎవరి దగ్గరా ట్యూషన్ ఫీజు తీసుకోదు. ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు కళాశాల పనే చేయాలి: వంటశాల, తోట, చేనేత, కంప్యూటర్ విభాగం, ఏదైనా. చేరిన విదేశీ విద్యార్థికి మొదటి ఏడాది ఖర్చంతా కళాశాలే పెట్టుకుంటుంది. తీసుకునేది మాత్రం ఏటా కొద్దిమందినే.

తెలుగు రాష్ట్రాల విదేశీ విద్యా పథకాల గురించి తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు. తెలంగాణలోని అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, జ్యోతిబా ఫూలే విద్యానిధి పీజీ, పీహెచ్‌డీలకు ఉద్దేశించినవి. కేంద్రం ఎస్సీ విద్యార్థులకిచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కూడా అంతే. డిగ్రీకి ఇవి పనికిరావు.

కాగితాల పని

ఎక్కువ కళాశాలలకు దరఖాస్తు కామన్ యాప్ ద్వారా వెళుతుంది. 1975లో 15 ప్రైవేటు కళాశాలలు మొదలుపెట్టిన ఈ ఉమ్మడి దరఖాస్తులో నేడు వెయ్యికి పైగా సంస్థలున్నాయి. 650 పదాల లోపు వ్యాసం, ఇద్దరు ఉపాధ్యాయుల సిఫారసు లేఖలు, కౌన్సెలర్ నివేదిక, తొమ్మిది నుంచి పన్నెండు దాకా మార్కులు కావాలి. మన కార్పొరేట్ జూనియర్ కళాశాలలో కౌన్సెలర్ అనే మనిషే ఉండడు. ప్రిన్సిపాల్‌నో లెక్చరర్‌నో బతిమాలుకోవాలి. తొమ్మిది, పది మార్కులు వేరే బడి నుంచి తెచ్చుకోవాలి. వంద మంది ఉన్న సెక్షన్‌లో ఇతను ఎలాంటివాడని రాయమంటే, ఆ లెక్చరర్‌కు అతని ర్యాంకు తప్ప మరేమీ తెలియకపోవచ్చు. కాబట్టి ఇంటర్ మొదటి ఏడాదిలోనే ఇద్దరు మాస్టర్లకు పరిచయం కావడం మంచిది. కామన్ యాప్ చివరి గడువులు జనవరి మొదటివారంలో పడతాయి, జేఈఈ మెయిన్ తొలి విడత కూడా జనవరిలోనే. కళాశాలల నిర్ణయాలు మార్చి నెలాఖరుకి వస్తాయి, మన ఇంటర్ ఫలితాలు సాధారణంగా ఏప్రిల్‌లో. అంటే మొదటి ఏడాది మార్కులు, కళాశాల ఇచ్చే అంచనా మార్కులతోనే సీటు తేలిపోతుంది. ఎంఐటీ, హార్వర్డ్, యేల్, డార్ట్‌మత్, బ్రౌన్ మళ్లీ శాట్ లాంటి పరీక్ష స్కోరు తప్పనిసరి చేశాయి. చాలావాటిలో ఇంకా ఐచ్ఛికమే.

ఆర్థిక సాయానికి ప్రధానమైనది సీఎస్‌ఎస్ ప్రొఫైల్. తొలి కళాశాలకు 25 డాలర్లు, ఆపై ఒక్కోదానికి 16. కట్టలేనివాళ్లు కళాశాలకు ఈ-మెయిల్ రాస్తే కొన్ని మినహాయింపు కోడ్ పంపుతాయి, కొన్ని వేరే ఉచిత ఫారం తీసుకుంటాయి.  చాలాచోట్ల 75–90 డాలర్లుండే దరఖాస్తు ఫీజుకు కూడా కామన్ యాప్‌లో మినహాయింపు అడగవచ్చు.

ఈ ఫారం అమెరికా కుటుంబాన్ని మనసులో పెట్టుకుని తయారైనది. మన ఇళ్ల లెక్క అందులో ఇమడదు. జీతగాళ్లకు ఫారం-16, ఐటీ రిటర్న్ ఉంటాయి, పేచీ లేదు. రైతు కుటుంబానికి వ్యవసాయ ఆదాయంపై పన్ను లేదు, రిటర్న్ కూడా ఉండదు. నాలుగెకరాలు హైవే పక్కన ఉంటే మార్కెట్ ధర కోట్లలో పలుకుతుంది; ఏటా చేతికొచ్చేది మాత్రం కౌలు డబ్బులో పంట మిగులో, వేలల్లో. ఆస్తి గడిలో కోట్లు, ఆదాయం గడిలో వేలు కనిపిస్తే అవతలివాళ్లు తికమకపడతారు. అందుకే తహసీల్దార్ ఆదాయ ధ్రువపత్రం, పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాటి ఇంగ్లిష్ అనువాదాలు జతచేసి, ప్రత్యేక పరిస్థితులు రాసుకునే గడిలో విషయం విప్పి చెప్పాలి: ఈ భూమి అమ్మితే జీవనాధారం పోతుంది, పిత్రార్జితంలో బాబాయికి వాటా ఉంది, ఇంకా పంపకం కాలేదు. చీటీ పాడుకున్న డబ్బు ఖాతాలో ఒక్కసారిగా మూడు లక్షలు పడితే, అది ఆదాయం కాదని కూడా రాయాలి. నాయనమ్మ మందుల ఖర్చు, అక్క పెళ్లి అప్పు కూడా రాయదగ్గవే. దాచిపెట్టడం కంటే విడమరచి చెప్పడం మేలు చేస్తుంది.

కల్పిస్తే ఏమవుతుందో 2024లో తేలింది. పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో పూర్తి సాయంతో చేరిన ఒక భారతీయ విద్యార్థి, బతికున్న తండ్రి చనిపోయాడని చూపించడంతో సహా నకిలీ పత్రాలు పెట్టినట్టు బయటపడి, నేరం ఒప్పుకుని, సీటు పోగొట్టుకుని దేశం తిరిగొచ్చాడు.

అడగడం, ఒప్పుకోవడం, వెళ్లడం

సాయం కావాలా అన్న ప్రశ్నకు దరఖాస్తులోనే అవునో కాదో చెప్పాలి. సీటు అవకాశం పెరుగుతుందని ‘కాదు’ అని రాసి, చేరాక అడుగుదామనుకుంటే చాలా కళాశాలలు నాలుగేళ్లూ ఒక్క డాలరు ఇవ్వవు. నవంబరులో గడువుండే ఎర్లీ డెసిషన్‌కు ఒక్క కళాశాలకే కట్టుబడాలి; సాయం చాలకపోతే మాత్రం ఆ కట్టుబాటు నుంచి తప్పుకోవచ్చు. పూర్తి అవసరం తీర్చే కళాశాలకైతేనే ఆ దారి పట్టడం తెలివైన పని.

కళాశాల మాట కూడా ఒక్కోసారి నిలవదు. 2018లో టెక్సస్ విశ్వవిద్యాలయం టైలర్ శాఖ యాభై మందికి పైగా విదేశీ విద్యార్థులకు, ఎక్కువగా నేపాలీలకు, ఇచ్చిన పూర్తి స్కాలర్‌షిప్‌లను డబ్బు చాలలేదంటూ ఏప్రిల్‌లో వెనక్కి తీసుకుంది. ఇతర కళాశాలల గడువులు అప్పటికే దాటిపోయాయి. అలాంటివి అరుదు. అయినా సాయం నాలుగేళ్లకా ఒక్క ఏడాదికా, గ్రేడు ఎంతకు తగ్గితే పోతుంది అన్నవి లేఖలో వెతికి చూడాలి.

లెక్క కుదిరాక కళాశాల వీసాకు అవసరమైన ఐ-20 పత్రం పంపుతుంది. సాయం లేఖే నిధుల రుజువులో పెద్ద భాగం. విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ సెవిస్ రుసుము 350 డాలర్లు, వీసా రుసుము 185. తెలుగు రాష్ట్రాలవాళ్లకు ఇంటర్వ్యూ సాధారణంగా హైదరాబాద్ కాన్సులేట్‌లోనే. 2023 నుంచి అది నానక్‌రామ్‌గూడలో ఉంది. పూర్తి సాయం ఉన్నా, తిరిగి వచ్చే ఉద్దేశం నమ్మకంగా కనిపించలేదని అమెరికా వలస చట్టం 214(బి) సెక్షన్ కింద వీసా తిరస్కరించవచ్చు. 2025 మే నెలాఖరులో కొత్త ఇంటర్వ్యూ తేదీలు కొన్ని వారాలు ఆగిపోయాయి. జూన్ నుంచి సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా ఉంచాలన్న నిబంధన వచ్చింది.

చేరాక సెమిస్టరు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ట్యూషన్‌కు పోయే గ్రాంటుపై పన్ను లేదు. గది, భోజనానికి ఇచ్చినదానిపై ఉంటుంది. భారత–అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల మన విద్యార్థికి రిటర్న్ వేసేటప్పుడు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. చాలా దేశాలవాళ్లకు అది లేదు.

కన్సల్టెన్సీల గురించి ఒక మాట. విదేశీ విద్యార్థిని చేర్పించినందుకు కమీషన్ ఇచ్చే అమెరికా కళాశాలలు పూర్తి ఫీజు కట్టే విద్యార్థి కోసం చూస్తుంటాయి. ఉదారంగా సాయమిచ్చేవి సాధారణంగా ఏజెంట్లను పెట్టుకోవు. కాబట్టి కమీషన్ మీద బతికే ఆఫీసులో గ్రినెల్ పేరు వినబడకపోవడంలో వింత లేదు. అమెరికా ప్రభుత్వ ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ సలహా కేంద్రాలు హైదరాబాద్‌లో ఉన్నాయి. మంచి మార్కులుండి డబ్బులేని కొద్దిమందికి పరీక్ష, దరఖాస్తు ఫీజులు కట్టే పథకాన్నీ ఆ సంస్థ నడుపుతూ వచ్చింది.

ఒప్పుకోవడానికి గడువు సాధారణంగా మే 1. ఆలోగా చేతిలో ఉన్న లేఖల్లో చూడాల్సింది స్కాలర్‌షిప్ ఎంతని కాదు, మనం కట్టాల్సింది ఎంతని. 80 వేల ఖర్చులో 30 వేలు తగ్గించిన కళాశాల నాలుగేళ్లకు 2 లక్షల డాలర్లు, అంటే కోటీ 70 లక్షలు అడుగుతున్నట్టు. దాన్ని స్కాలర్‌షిప్ అని ఊళ్లో చెప్పుకుని పొలం అమ్మవద్దు. సాయం పెంచమని కాగితాలతో ఒకసారి రాయండి. పెంచకపోతే ఆ సీటు వదిలేయండి.